కానుగ చెట్టు మొదలు

"అమ్మమ్మా, వర్ధనమ్మ గారి గేటు ముంగట ఉన్న కానుగ చెట్టును నువ్వే బతికిచ్చినవంట గదా. కాలనీ పుస్తకంల నీ గురించి రాస్తరట. జర చెప్పరాదు, ఫోన్ల రికార్డు చేస్కుంట."

ఎవలు చెప్పిండ్రే నీకు? మూడో అంతస్తు సారేనా? ఆయనకేం పని లేదు. రిటైరయిండు, ఇగ చెట్ల మీద వడ్డడు. మంచోడే పాపం, నేనేమన్న అన్ననా. నిన్న సుత వచ్చి బండి కాడ నిలవడ్డడు. "రాజమ్మా, నీలాంటోళ్లు వాడకొకరుంటే చాలు" అన్నడు. నేను అంగీ కాలర్ మీద ఇస్త్రీ పెట్టె పెట్టి అట్లనే నిలవడ్డ. ఇంక జరసేపయితె కాలిపోతుండె ఆ అంగీ.

సరే, పెట్టు. గంజి గిన్నె పక్కన పెట్టకు ఫోను, ఇటు దుప్పటి మీద పెట్టు. ఆఁ, గట్ల. ఇగ చూడు, నేను చెప్పేదాంక ఆపొద్దు. నడుమల ఆపి "గిది పుస్తకంల రాసేది కాదు అమ్మమ్మా" అన్నవనుకో, మల్ల చెప్ప నేను. ఇన్నేండ్లు చెప్పలే. మీ అమ్మకు సుత తెల్వదు. మీ తాత ఒక్కనికి తెలుసు, ఆయన పోయె.

గీ వారంల చూసినవ్ గదా, మన సందు పొంట చెట్లను ఏం చేసిపోయిండ్రో. కొమ్మలు కొట్టుడంటె కొమ్మలు కొట్టుడా అది? చేతులు నరికి నిలవెట్టినట్టు పెట్టిండ్రు. ఆ బేకరీ ముంగట గుల్‌మొహర్ చెట్టుకైతె ఒక్క ఆకు లేదు. సారుకు కోపమొచ్చింది, గందుకే ఈ పుస్తకం. మన కానుగను మాత్రం ముట్టుకోలే. ఎందుకంటె అందరు పోయి అడ్డం నిలవడ్డరు, "ఇది రాజమ్మ బతికించిన చెట్టు" అనుకుంట. నేను ఆ పక్కకే పోలే. పోబుద్ధి కాలే.

మొదలు చెట్టు సంగతి చెప్త. మేం మెదక్ దిక్కుకెళ్లి ఈడికి వచ్చినప్పుడు మీ అమ్మ చంకల ఉండె. కాదు కాదు, నడుస్తుండె. నడిచి నడిచి ఒకసారి మురికి నీళ్ల మోరీల వడ్డది, కిరాణ దుకాణమాయన తీసిండు. మా అక్క యాదమ్మ గప్పటికే పంజాగుట్టల ఇండ్లల్ల బట్టలుతుకుతుండె. నీకు యాదికుండదు ఆమె, నువ్వు పుట్టిన ఏడాదికే పోయింది, మస్తు నవ్విచ్చేది. ఆమెనే చెప్పింది, అమీర్‌పేటల బెజవాడ దిక్కోళ్లు ఇండ్లు కట్టుకుంటున్నరే, ఆఫీసులకు పొయ్యేటోళ్లు, ఇస్త్రీ లేకుంట గడప దాటరు అని. గట్ల వచ్చినం.

వర్ధనమ్మ ఇల్లు గప్పుడు ఒక్క అంతస్తే. ఇప్పుడున్న ఈ అపార్ట్‌మెంట్ కాదు. ఆమె బడిల లెక్కలు చెప్తుండె. పెండ్లి చేస్కోలే. ఎందుకు చేస్కోలేదో నేనడగలే, ఆమె చెప్పలే. ఇంటికి పునాది తీసిన రోజే ఈ కానుగ మొక్క పెట్టిందంట. మేం వచ్చేసరికి పెద్దగనే అయ్యింది. బండి పెట్టుకుంట అమ్మా అని అడిగితె, "నీడున్నంత మేరా పెట్టుకో రాజమ్మా, నాకూ తోడుగా ఉంటుంది" అన్నది. గా మాటతోనే ఇన్నేండ్లు ఈడ బతికినం. కిరాయి లేదు, ఏం లేదు.

నీకు తెల్వదు, ఏసీల కూసుంటవు నువ్వు. ఇస్త్రీ పెట్టెల బొగ్గులు మండుతుంటయి. మొకం మీద ఆ సెగ, కాళ్ల కింద రోడ్డు సెగ. ఇగ పైకెళ్లి ఎండ సుత పడ్డదంటె మనిషి నిలవడేది కాదు. అందరు వేప నీడ వేప నీడ అంటరు గాని, వేపకు సందులల్లకెళ్లి ఎండ దిగుతది. కానుగ అట్ల కాదు, ఆకు మీద ఆకు. ఎండకాలం ముంగట ఆకంత రాల్చి, వారం పదిరోజులల్ల మల్ల లేత ఆకు ఏస్తది, నూనె రాసినట్టు మెరుస్తది. తర్వాత పూత. ఆ పూలు తెల్ల పంచెల మీద రాలుతుంటె మీ తాత ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంట ఇస్త్రీ చేస్తుండె. నవ్వొస్తుండె నాకు.

ఇగ తర్వాత కంప్యూటర్లు వచ్చినయి. మైత్రీవనం కాడ ఒక్క కోచింగ్ సెంటర్ ఉన్నది పదయింది, పది ఎన్నయినయో ఎవలు లెక్కపెట్టిండ్రు. ఊర్లకెళ్లి పిల్లలు, ఒక్కొక్క అర్రల ఎనమండుగురు. ఒక పిల్లగాడు వచ్చి జావ నేర్చుకుంటున్న అమ్మా అన్నడు. జావ కాసుడు నేర్చుకునేటందుకు గింత దూరం వచ్చినవా, మీ అమ్మకు రాదా అన్న. కడుపు పట్టుకొని నవ్విండు. రెండేండ్లు అదే చెప్పి నవ్విచ్చిండు అందరిని. ఒక్కొక్కనికి ఒకటే మంచి అంగీ ఉంటుండె, లేత నీలం. అందరికి గదే రంగు ఎందుకో మరి. ఇంటర్వ్యూ ఉన్న పొద్దు ఉరికొచ్చేటోళ్లు, బనీన్ల మీద నిలవడి, "అమ్మా జల్దీ, పది గంటలకు" అనుకుంట. వాండ్లకు నౌకరొస్తె నాకు మిఠాయి. మస్తు మిఠాయి తిన్న నేను. గందుకే ఇప్పుడు షుగర్.

ఆ సెంటర్లోళ్లు రేకుల మీద రాసి చెట్లకు మేకులు కొట్టిపోతుండ్రి, నెల రోజులల్ల నేర్పిస్తం, రెండు నెలలల్ల నౌకరి అని. మీ తాత పొద్దుగాలనే పట్కారు పట్టుకొని గుంజుడు. ఒకటి గుంజితె రెండు. కొన్ని లోపలనే ఉండిపోయినయి, మీదికెళ్లి బెరడు కమ్మింది.

ఏటా వానలు పడే ముంగట కరెంటు తీగలకు తగిలే కొమ్మలు కొట్టేటందుకు ఒక కాంట్రాక్టరు మనుషులు వస్తుండ్రి. నిచ్చెన, తాడు, రంపాలు. వర్ధనమ్మ ఆ రోజు బడికి సెలవు పెట్టేది. నమ్ము, చెట్టు కోసం సెలవు. గేటు కాడ కుర్చీ ఏసుకొని కూసోని, "అదిగో ఆ కొమ్మ తీయండి, ఇది వద్దు, దాన్ని సగానికి" అని పిల్లలకు లెక్క చెప్పినట్టు చెప్తుండె. గందుకే మా చెట్టుకు రెండు మూడు కొమ్మలు పోతుండె, అంతె. మిగిలిన సందంత గీకి పెడుతుండ్రి. గీకినా రెండు నెలలల్ల మల్ల గుబురు కమ్ముతుండె, అది వేరే సంగతి. కొందరైతె కొమ్మలు కాదు, చెట్టే తీసెయ్యండి అనేటోళ్లు. కార్లు వచ్చినయి గదా. ఈ సంగతి జరిగిన ఏడు మాకు అటుపక్క రెండిండ్లోళ్లు కార్లు నిలవెట్టుకునేటందుకు చెట్లు మొత్తం తీపిచ్చిండ్రు. అది సుత ఆ కాంట్రాక్టరు మనుషులే. యాదిల పెట్టుకో గీ ముక్క.

ఆ ఏడే వర్ధనమ్మ తమ్ముని బిడ్డ పెండ్లి ఉండె బెజవాడల. పొయ్యే ముందు కాంట్రాక్టరును పిలిచి నా ముందరనే చెప్పింది. "నేను ఊళ్లో ఉండను. మీ వాళ్లు వచ్చినప్పుడు ఏం చేయాలో రాజమ్మని అడగమనండి. రాజమ్మ మాటే నా మాట" అన్నది. నాకైతె గర్వమనిపిచ్చింది బిడ్డా. మూట మోసుడు, ముడుతలు తీసుడు తప్ప నాకు ఎవలేం ఒప్పజెప్పలే అప్పటిదాంక. మీ తాతకు రెండు సార్లు చెప్పిన ఆ ముచ్చట.

వాండ్లు వచ్చిన రోజు హాస్టల్ పిల్లలకు ఏదో పెద్ద కంపెనీ పరీక్ష ఉండె. ఇరువై అంగీలు తెచ్చి పారేసిండ్రు పొద్దుగాలనే. అయిపోయినయి, ఇచ్చి రావాలె, వచ్చి మల్ల ఇంకో మూట పట్టాలె. మీ తాత బొగ్గు కోసం పోయిండు. వీళ్లు నలుగురు దిగిండ్రు, నిచ్చెన పట్టుకపోయి సందు ఆ మూలకు పెడుతున్నరు. నాకు ఫికర్ వట్టింది. ఆ మూలకెళ్లి చేసుకుంట వస్తె మా చెట్టు కాడికి పగటియాల్లకు వస్తరు, సరిగ్గ నా పెట్టె కాగి ఉన్నప్పుడు బండి జరుపుమంటరు. అందుకని ఉరికిన. రంపం పట్టుకున్నాయన సన్నగ ఉన్నడు, నెత్తికి తువ్వాల. రాజమండ్రి అవతల ఏదో ఊరంట, పేరు సత్యం. అది తర్వాత తెలిసింది లే.

"తమ్మీ, మా చెట్టు మొదలు కొట్టుండ్రి" అన్న.

ఆయన నా దిక్కు చూసిండు, చెట్టు దిక్కు చూసిండు. "మొదలా అమ్మా?" అన్నడు.

"ఆఁ, మొదలే. జర జల్ది కానియ్యి, నాకు పనుంది" అన్న.

"మేడంగారు మీకు చెప్పే వెళ్లారాండీ?"

"నాకే ఒప్పజెప్పి పోయింది. నేను చెప్తున్న గదా" అన్న. కసిరిన కూడ. ఇన్ని సార్లు అడుగుడేంది ఈనె అనుకున్న లోపల.

అర్థమైందా నీకు? కాలే. నీకెందుకైతది, నువ్వు నాలెక్కనే మాట్లాడుతవు. మనం మొదలు అంటె ఏంది? ముందుగాల. మొదలు అన్నం తిను, తర్వాత టీవీ చూడు అంటం. నేనన్నది మా చెట్టు ముందుగాల చెయ్యి అని. వాండ్ల దిక్కు చెట్టుకు మొదలంటె అడుగు, నేల కాడ. మొదలు కొట్టు అంటె నేలకు నరుకు అని. మనం సుత అంటం, మొదట్లకు నరికిండ్రు అని, అనమని కాదు. కాని గప్పుడు నా తలకాయల ఆ ఊసే లేదు. నా తలకాయల ఇరువై నీలం అంగీలున్నయి.

బండి అటు పక్కకు గుంజి, మూట నెత్తికెత్తుకొని హాస్టల్‌కు పోయిన. ఒక అంగీకి గుండీ ఊడింది, ఆ పిల్లగాడు ఏడుపు మొకం పెట్టిండు. సూది దారం అడిగి కుట్టిచ్చిన. ఇంకొకడు నాది కాలర్ మల్ల చెయ్యమ్మా అన్నడు. గంటన్నర అయ్యింది అట్ల. తర్వాత ఎన్నిసార్లనుకున్ననో, ఆ గుండీ కుట్టకుంట వస్తె చెట్టు దక్కుతుండె అని.

సందు తిరగంగనే ఏదో తేడా కొట్టింది. వెలుతురు ఎక్కువున్నది. మా గేటు మీద ఎండ పడుతున్నది. ఆ గేటుకు ఆకుపచ్చ రంగున్నదని గప్పుడే తెలిసింది నాకు, అన్నేండ్లు నీడల అది నల్లగనే కనవడ్డది. చెట్టు రోడ్డు మీద పండుకోని ఉన్నది. మోకాలెత్తు మోడు మిగిలింది. సత్యం చెమట తుడుచుకుంట నాకెదురొచ్చిండు. "అయిపోయిందండీ. లోపల మేకులున్నాయి, రెండు రంపాలు పోయాయి. అయినా శుభ్రంగా తీసేశాం" అన్నడు. మంచిగ పని చేసినోడు ఎట్ల చెప్తడు, అట్ల చెప్పిండు.

"కొమ్మలు గదా కొట్టేది" అన్న.

"అదేంటమ్మా. మీరే కదండీ మొదలు కొట్టమన్నారు."

ఆ మాట ఆయన నోట్లకెళ్లి ఇన్నంక తెలిసింది నాకు. ఒక్కపారే తెలిసింది, పూర్తిగ. రోడ్డు మీదనే కూసున్న. ఆయన భయపడి నీళ్లు తెచ్చిచ్చిండు, వాండ్ల సీసాలకెళ్లి. తాగిన. ఆయన చేతి నీళ్లు తాగిన నేను.

మీ తాత బొగ్గు బస్తా దించి చూసిండు. నేను జరిగింది జరిగినట్టు చెప్పిన, మొగనితోనన్న చెప్పిన. ఆయన చేతులకంటిన బొగ్గు దుమ్ము దులుపుకున్నడు. తర్వాత అన్నడు, "ఆమె రాంగనే నువ్వే పోయి చెప్పు. మాట తేడా వచ్చింది, అంతె గదా. చదువు చెప్పే మనిషి, ఆమెకు అర్థమైతది." చెప్త అన్న. నిజంగ చెప్దామనే అనుకున్న.

మూడో రోజు ఆమె వచ్చింది. ఆటో దిగి, పెట్టె కింద పెట్టి, నిలవడ్డది. ఏడుస్తదనుకున్న. ఏడవలే. మోడు కాడికి పోయి, కూసోని, దాని మీద చెయ్యి పెట్టింది. కోసిన కాడ ఇంక తడిగనే ఉన్నది. ఆ చెయ్యి చూసుకున్నది. "ఎవరు కొట్టమన్నారు?" అన్నది. నాతోని కాదు, ఎవలతోనో అన్నట్టు. నేను అప్పుడే చెప్పాలె. నోరు తెరిచిన సుత. ఆమె మొకం చూసి మూసుకున్న. రేపటికెళ్లి బండి తీసెయ్యి అంటదని భయం, ఒకటి. ఇంకోటి ఆమె నన్ను ఎట్ల చూస్తదో అని. ఆ రెండో భయమే పెద్దగ ఉండె.

సాయంత్రం కాంట్రాక్టరును పిలిపిచ్చింది. ఆయన సత్యంను తోలుకొచ్చిండు. పక్కింటోళ్లు, ఎదురింటోళ్లు, ఆ జావ పిల్లగాడు సుత, అందరు గేటు కాడ జమైండ్రు. సత్యం చెప్పిండు, ఉన్నది ఉన్నట్టు. "మొదలు కొట్టమన్నారండీ ఈ అమ్మగారు. అటు రెండు చెట్లు అలాగే తీయించారు కదా, ఇదీ అంతే అనుకున్నాను."

అందరు నా దిక్కు చూసిండ్రు.

"నేనన్లే" అన్న.

అంతటితోని ఆగినా బాగుండు. నోరు ఆగుతదా. "నేనెందుకంట? నా నీడ నేను కొట్టిపిచ్చుకుంటనా? గీ చెట్టు లేకుంటె నా బండేడ పెట్టుకుంట?" అన్న. అందరికి సమజయ్యే మాట అది. ఎవలన్న తన నీడ తాను కొట్టిపిచ్చుకుంటదా. మూడో ఇంటాయన సుత అవును గదా అన్నడు. మీ తాత నా వెనక నిలవడ్డడు, చేతుల పట్కారు. ఆయన ఒక్క మాట అనలే. అంటె నన్ను నలుగుర్ల అబద్ధాలకోరును చెయ్యాలె. చెయ్యలే.

వర్ధనమ్మ అన్నది, "రాజమ్మ అబద్ధం చెప్పదు."

సత్యం నా దిక్కే చూస్తున్నడు. "మొదలా అని మళ్లీ అడిగాను కదమ్మా" అన్నడు. కోపంతోని కాదు బిడ్డా. ఒర్లితె, తిడితె, నేను సుత తిట్టి బతికిపోదును. ఆయన మెల్లగ అడిగిండు, నిజంగ తెలుసుకుందామని అడిగినట్టు. నేను మోరీ దిక్కు చూసిన. కాంట్రాక్టరు ఆడనే ఆయన చేతులకెళ్లి రంపం గుంజుకున్నడు. రేపటి నుంచి రాకు అన్నడు. ఆయన తువ్వాల తీసి దులుపుకొని, సందు మలుపు దాంక నడిచి, ఒక్కసారి వెనక్కు చూసిండు. నన్ను కాదు, మోడును.

ఆమె నన్ను వెళ్లగొట్టలే. అదొకటి. "నీ తప్పేముంది, నీకే కష్టం" అని ప్లాస్టిక్ పట్టా తెప్పిచ్చి నాలుగు కర్రలకు కట్టిపిచ్చింది. పట్టా కింద ఉడుకు ఇంక ఎక్కువ. మీ తాత తడి తువ్వాల నెత్తికి సుట్టుకొని చేస్తుండె. రెండు సార్లు కండ్లు తిరిగి పడ్డడు ఆ ఎండకాలం. పడ్డోడు లేచి మల్ల పెట్టె పట్టుకునేది గాని, చెట్టు ముచ్చట తీసేటోడు కాదు. ఒక్కసారి మాత్రం, అన్నం తినుకుంట, "ఆయనకు పిల్లలున్నరో ఏమో" అన్నడు. నేను కంచం తీసుకొని లేచిన.

ఇగ నీళ్లు పోసుడు మొదలువెట్టిన. దినాం పొద్దుగాల రెండు బిందెలు, గంజి నీళ్లు సుత. సందంత చూసింది. అబ్బ, రాజమ్మకు చెట్టంటె ఎంత పానం అన్నరు. పానం కాదు. ప్రేమతోని పోయలే నేను, భయంతోని పోసిన. ఇది సచ్చిపోతె నేను చేసింది గట్టిగైపోతదని. నెల దాటినంక బెరడు అంచు కాడ ఎర్రగ చిన్న చిన్న మొటిమెల్లాంటియి వచ్చినయి. తర్వాత చిగుర్లు. ఒకటి కాదు రెండు కాదు, ముప్పై నలభై, మోడు చుట్టు. ఏడాదికి నా ఎత్తు పొద అయ్యింది. వర్ధనమ్మ బడికి పొయ్యేటప్పుడు దాన్ని ముట్టుకొని పొయ్యేది. నన్ను చూసి నవ్వేది.

ఆ మరుసటేడు ఒక రోజు పొద్దుగాల మా అక్క ఇంటికని పంజాగుట్టకు పోయిన. ఆడ కూలోళ్ల అడ్డా ఉండె గదా, పార, తట్ట పట్టుకొని నిలవడేటోళ్లు, మేస్త్రీలు వచ్చి తోలుకపోతుండ్రి. బస్సు కోసం నేను ఆడనే నిలవడ్డ. "అమ్మా, బాగున్నారాండీ" అని ఇనవడ్డది. తిరిగి చూస్తె సత్యం. ఇంక సన్నగయిండు. తిడ్తడు, నలుగుర్ల నిలవెడ్తడు అనుకున్న. నిలవెడితె మంచిగుండు అని సుత అనుకున్న, అబద్ధం కాదు.

"చెట్టు బతికిందా అమ్మా?" అన్నడు. మొదలు అడిగిన మాట గదే.

బతికింది, చిగుర్లు మస్తు వచ్చినయి అన్న. ఆయన మొకం ఎట్లయిందో చెప్పలేను. "పోన్లెండి. నా వల్ల పోయిందే అని రోజూ అనుకునేవాణ్ణి" అన్నడు. ఎన్ని చిగుర్లు, ఎంతెత్తు అన్ని అడిగిండు. "అన్నీ ఉంచకండమ్మా. పైకి గుబురుగా బాగానే కనిపిస్తుంది. కానీ అవి బెరడును పట్టుకుని వస్తాయి, లోపల పట్టుండదు. పెద్ద గాలొస్తే చీలి పడిపోతాయి. ఎదురెదురుగా బలమైనవి రెండుంచి, మిగతావి చేత్తో తీసేయండి. కత్తి పెట్టకండి" అన్నడు. చేతితోని చూపిచ్చిండు, ఇట్ల, బొటనవేలు పెట్టి కిందికి.

ఇప్పుడు చెట్ల పని చేస్తలేవా అన్న.

"లేదమ్మా. ఇటుకలు మోస్తున్నా. రంపం పట్టాలంటే భయం. ఎవరేం చెప్పినా మూడేసి సార్లు అడుగుతున్నా, మేస్త్రీలు తిడుతున్నారు." నవ్విండు. "మీరు కసురుకున్నట్టు కూడా గుర్తే నాకు. మొదలే, జల్ది కానియ్యి అన్నట్టు ఇప్పటికీ వినిపిస్తుంది. కానీ మీరు అనలేదన్నారు కదా. మీలాంటి పెద్దావిడ అంతమందిలో అబద్ధం చెప్పరు కదా. నాకే ఏదో వినబడి ఉంటుందమ్మా. నా చెవే మంచిది కాదు."

చూసినవా. ఆయన ఇన్నది నిజం, అన్నది నేను. కాని నేను అన్లే అన్ననని, తన చెవి తప్పని అనుకున్నడు. ఏడాదంత అట్ల అనుకుంట బతికిండు.

చెప్పాలె గదా. రెండు మాటలు, తమ్మీ నేనే అన్న, నీ చెవి మంచిదే అని. అంతె. నాలిక మీద ఉన్నది బిడ్డా, ఈడ. మేస్త్రీ వచ్చి ఇద్దరు కావాలె అన్నడు, ఆయన దండం పెట్టి ఉరికిండు. ఉరికిండు గాని, ట్రాలీ ఎక్కేదాంక జరసేపు పట్టింది. ఆ జరసేపుల నేను చెప్పొచ్చు, ఒర్లి చెప్పొచ్చు. నా బస్సు సుత వచ్చింది. ఎక్కిన.

ఇంటికొచ్చి ఆయన చెప్పినట్టే చేసిన. రెండుంచిన, మిగిలినవి బొటనవేలు పెట్టి కిందికి తీసేసిన. మల్లొచ్చినయి, మల్ల తీసిన. గా ఎండకాలం పెద్ద గాలివాన వచ్చింది, మీ అమ్మకు యాదుంటది, బోర్డులన్ని లేచిపోయినయి. సందుల చిగురేసిన మోడులు ఎన్నో చీలి పడ్డయి. మనది నిలవడ్డది. అదిగో ఇప్పుడు చూస్తున్నవ్ గదా రెండు మానులు, అవే. నడుమ మోడు బోలు, వానకు నీళ్లు నిలుస్తయి, దోమలు. అయినా నిలవడ్డది. "ఇన్నిట్లో నీ చెట్టొక్కటే ఎలా నిలబడింది రాజమ్మా, ఏం చేశావ్?" అని అడిగింది వర్ధనమ్మ. ఏమో అమ్మా అన్న. ఇల్లు బిల్డర్‌కు ఇచ్చినప్పుడు చెట్టు ముట్టొద్దు, రాజమ్మ బండి కదిలియ్యొద్దు అని కాగితం రాపిచ్చుకున్నది. పోయేదాంక అందరికి చెప్పుకుంటనే పోయింది, రాజమ్మ బతికిచ్చింది అని. ఆమెకు సుత చెప్పలే నేను. దవాఖానల చెయ్యి పట్టుకొని కూసున్న, చెప్పలే.

మీ తాత పోయినంక ఆ అడ్డా కాడికి పోయిన, ఒకసారి కాదు, ఐదారు సార్లు. రాజమండ్రి దిక్కు సత్యం అని అడిగిన. సత్యం అని చానమంది ఉన్నరు. చెట్లు కొట్టేటాయన అంటె, మూడు సార్లు అడుగుతడు, ఆయననా అని ఒకామె నవ్వింది. ఎటో పోయిండమ్మా, ఎక్కువ రోజులు ఎవలు పెట్టుకోరు అతన్ని అన్నది. ఊరికి పోయిండో, ఏమైండో. తర్వాత అడ్డా సుత ఆడకెళ్లి తీసేసిండ్రు.

ఏడవకు. నువ్వెందుకేడుస్తవ్, చేసింది నేను. పుస్తకంల ఏం రాసుకుంటవో రాసుకో. సారుకు చెప్తవో, నువ్వే ఉంచుకుంటవో. చెట్టు ఎట్ల నిలవడ్డదంటె మాత్రం సత్యం అని రాయి. నా పేరు రాసే కాడ ఆయన పేరు రాయి.

ఇగ పో, అన్నం తిను పో. నువ్వు సల్లగుండాలె బిడ్డా. రేపు నీ ఆఫీసుల నీ కింద సుత మనుషులుంటరు. ఒకలు నిన్ను రెండోసారి అడిగితె కసురుకోకు. అన్న మాట అన్న అని చెప్పు, ఎంతమంది చూస్తున్నా చెప్పు. నీ నోట్లకెళ్లి వచ్చిన మాటకు ఇంకొకలు తన చెవి మంచిది కాదనుకొని బతకొద్దు... మూడేసి సార్లు అడుక్కుంట బతకొద్దు బిడ్డా. అంతె... గంతే నేను చెప్పేది...